అవే సీసాలు, అదే బల్ల



రేడియోలో బొమ్మల గురించి మాట్లాడడం కొంచెం తెగింపు వ్యవహారమే. చూపించే వీలు లేదు, చెప్పుకోవాలంతే. అయితే ఇవాళ నేను ఎంచుకున్న చిత్రకారుడు నా పని కాస్త తేలిక చేశారు. ఆయన బొమ్మల్లో ఏముంటుందో చెప్పడానికి ఒక్క ముక్క చాలు. ఒక బల్ల. దాని మీద నాలుగైదు సీసాలు, ఒకటి రెండు రేకు డబ్బాలు, ఓ కూజా. అంతే! రాజులు లేరు, దేవతలు లేరు, యుద్ధాలు లేవు. పళ్ళూ ఫలహారాలూ కూడా అరుదే. ఆ బల్లనే, ఆ సీసాలనే ఆయన దగ్గర దగ్గర యాభై ఏళ్ళు గీశారు.

ఆయన పేరు జార్జో మొరాండీ. ఇటలీ దేశస్థుడు. స్టిల్‌లైఫ్ అంటాం చూడండి, కదలని వస్తువులను ఎదురుగా పెట్టుకుని వేసే బొమ్మ, ఆ ప్రక్రియలో ఇరవయ్యో శతాబ్దంలో ఈయన పేరు చెప్పకుండా ఎవరూ ముందుకు పోలేరు. ఆయన వేసిన తైలవర్ణ చిత్రాలు 1,300 పైచిలుకు. వాటిలో కొన్ని కొండలూ ఇళ్ళూ చెట్లూ, కొన్ని పూలకుండీలు. మిగిలినవన్నీ బల్ల మీది బొమ్మలే. మరి చేయి తిరిగిన మనిషి, లోకమంతా పేరొచ్చిన మనిషి, అవే సీసాల దగ్గర ఎందుకు కూర్చున్నట్టు? వేరేవి గీయడం చేతకాకా? కాదు. తెలిసి తెలిసి తన లోకాన్ని అంత చిన్నది చేసుకున్నారు. ఎందుకు చేసుకున్నారో, దానివల్ల ఆయనకు ఏం దొరికిందో, అదే ఇవాళ్టి మాట.

మొరాండీ 1890 జూలై 20న బొలోన్యా నగరంలో పుట్టారు. ఇటుక రంగు గోడలు, వీధి పొడవునా నీడనిచ్చే వసారాలు, పురాతనమైన విశ్వవిద్యాలయం ఉన్న ఊరది. పుట్టిందీ పోయిందీ ఆ ఊళ్ళోనే. కుర్రవాణ్ణి తండ్రి తన వ్యాపారంలో కూర్చోబెట్టి చూశారు గానీ పని కుదరలేదు. 1907లో ఊళ్ళోని కళా అకాడమీలో చేరారు. రెండేళ్ళు తిరక్కుండానే తండ్రి పోయారు. ఇంట్లో తల్లి, ముగ్గురు చెల్లెళ్ళు. పందొమ్మిదేళ్ళ వయసుకే ఇంటి పెద్ద. 1910లో ఆ కుటుంబం వియా ఫొందాజ్జా అనే వీధిలో 36వ నంబరు ఇంటికి మారింది. మొరాండీ ఇక ఆ చిరునామా వదల్లేదు. అన్నా పెళ్ళి చేసుకోలేదు, చెల్లెళ్ళూ చేసుకోలేదు. నలుగురూ చివరిదాకా ఒకే గూట్లో బతికారు.

ఊరు కదల్లేదంటే లోకం తెలియదని కాదు. ఫ్లారెన్స్ వెళ్ళి జొత్తో, మసాచ్చో, పావోలో ఉచ్చెల్లో వంటి పాతతరం మహామహుల గోడచిత్రాలు కళ్ళారా చూసి వచ్చారు. ఫ్రాన్సులో సెజాన్ అనే ఆయన ఆపిల్ పళ్ళనూ కొండనూ ఒకే శ్రద్ధతో, ఇల్లు కట్టినంత గట్టిగా గీశారని మొదట పుస్తకాల్లో అచ్చైన నలుపు తెలుపు బొమ్మల ద్వారా తెలుసుకున్నారు. ఆ ఆపిల్ పళ్ళ ప్రభావం ఆయన్ని జీవితాంతం వదల్లేదు. అంత అభిమానించినా, చిత్రకారులందరికీ కాశీ లాంటి ప్యారిస్‌లో మాత్రం ఆయన ఒక్కసారీ అడుగు పెట్టలేదు.

వయసులో ఉన్నప్పుడు నలుగురితో పాటు కొత్త గాలులన్నీ పీల్చారు. వేగమూ యంత్రాలే కళ అన్న ఫ్యూచరిస్టులతో కలిసి 1914లో ప్రదర్శనలో పాల్గొన్నారు. మరుసటి ఏడు సైన్యం పిలిచింది. మనిషి బాగా పొడగరి కావడంతో గ్రెనేడియర్ల దళంలో వేశారు. కొద్ది వారాల్లోనే జబ్బుపడి ఇంటికి వచ్చేశారు. ఆ తరువాత, 1918 ప్రాంతంలో, దె కీరికో, కారా మొదలైనవాళ్ళు నడిపిన మెటాఫిజికల్ ధోరణి ఆయన్ని కొంతకాలం ఆకట్టుకుంది. కొయ్యబొమ్మ తల, బంతి, పెట్టె, కత్తితో కోసినట్టు నీడలు. కలలో కనిపించినట్టుండే బొమ్మలవి. అవి బాగా వచ్చాయి కూడా. అయినా రెండు మూడేళ్ళలో ఆ దారి వదిలేశారు. కలల నుంచి వంటింటి అలమరలోకి దిగారు. అక్కణ్ణుంచి మళ్ళీ పైకి రాలేదు.

ఇక్కడ ఒక లౌకికమైన సంగతి చెప్పాలి. మొరాండీ బొమ్మలు అమ్ముకుని బతకాల్సిన అవసరం పెట్టుకోలేదు. 1914 నుంచి పదిహేనేళ్ళ పాటు బొలోన్యా ప్రాథమిక పాఠశాలల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేశారు. 1930లో తాను చదువుకున్న అకాడమీలోనే ఎచింగ్ అనే అచ్చుబొమ్మల విద్యకు ప్రొఫెసర్ అయ్యారు. 1956 దాకా ఆ ఉద్యోగం చేశారు. నెల తిరిగేసరికి జీతం వచ్చేది. కొనేవాళ్ళకు ఏం కావాలో ఆలోచించకుండా, తనకు కావలసినంత నెమ్మదిగా పనిచేసుకునే వీలు ఆ జీతమే ఇచ్చింది. పాఠాలు చెప్పిన ఆ నలభై ఏళ్ళను ఆయన జీవితంలోంచి తీసేస్తే ఈ సీసాలు మిగిలేవో లేదో!

ఇప్పుడు ఆయన గదిలోకి వెళదాం. గది అంటే పెద్ద స్టూడియో అనుకునేరు. ఒక మనిషి మంచం, ఒక ఈజిల్, నాలుగు బల్లలు వేస్తే నిండిపోయే గది. పడకా అక్కడే, పనీ అక్కడే. ఆ గదిలోకి పోవాలంటే చెల్లెళ్ళ గది దాటుకుని పోవాలి. ఒక్క కిటికీ, దాని అవతల పెరడు. గోడ వెంబడి బల్లల కిందా, అలమరల్లోనూ, నేల మీదా వస్తువులే వస్తువులు. పాత మార్కెట్లలో ఏరుకొచ్చిన సీసాలు, నూనె దీపాలు, గరాటులు, ఓవల్టీన్ లాంటి డబ్బాలు, పింగాణీ గిన్నెలు, పొడుగు మెడతో ఒంటినిండా గాళ్ళు తీర్చిన తెల్ల సీసా ఒకటి.

ఈ వస్తువులకు ఆయన చేసిన సంస్కారం చూడండి. డబ్బా మీది లేబుల్ పీకేసేవారు. గాజు సీసా అయితే లోపల రంగు పోసి తిప్పేవారు, వెలుతురు అటునుంచి ఇటు దూసుకురాకుండా. రేకు డబ్బా మెరుస్తుంటే పైన మెరుపులేని రంగు పూసేవారు. ఇక వాటి మీద పేరుకున్న దుమ్ము దులపడానికి వీల్లేదు! ఆ గదిని చూసిన జాన్ రెవాల్డ్ అనే కళాచరిత్రకారుడు అన్నిటికన్నా ఆ దుమ్ము గురించే ముచ్చటగా రాశారు. ఇదంతా చాదస్తం అనుకోవద్దు. సీసా మీద పేరుంటే మన కన్ను చదువుతుంది. గాజు తళుక్కుమంటే మన కన్ను ఆ తళుకు దగ్గరే ఆగిపోతుంది. లోపల ఏముందో కనిపిస్తే అది నూనా, సారా అని ఆలోచిస్తాం. పేరూ, మెరుపూ, ఉపయోగం, మూడూ తీసేస్తే మిగిలేది ఒట్టి ఆకారం, దాని మీద వాలిన వెలుతురు. మొరాండీకి కావలసింది అదే.

ఆ తరువాత అమరిక. ఆయన బల్లలు వేర్వేరు ఎత్తుల్లో ఉండేవి. ఒకే గుంపును కొంచెం పైనుంచి చూడాలా, కంటికి ఎదురుగా చూడాలా అన్నది ముందే తేల్చుకునేవారు. బల్ల మీద కాగితం పరిచి, దాని మీద వస్తువులు నిలబెట్టి, ఒక్కో దాని అడుగు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకునేవారు. సీసా అర అంగుళం జరిగితే మళ్ళీ కొత్త గీత. ఆ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. వలయాల మీద వలయాలు, చతురస్రాల మీద చతురస్రాలు, మధ్యలో ఏవో గుర్తులు. 2009లో టసిటా డీన్ అనే బ్రిటిష్ కళాకారిణి ఆ గదిలోకి కెమెరా తీసుకెళ్ళి కేవలం ఆ పెన్సిల్ గీతల మీదే ఒక నలుపు తెలుపు సినిమా తీశారంటే వాటి బలం అర్థం చేసుకోండి. ఏ సీసా పక్కన ఏది నిలబడాలి, కింద ఏ రంగు గుడ్డ పడాలి అని తేల్చుకోవడానికే వారాలు పట్టేది. కుంచె పట్టాక మాత్రం పని చకచకా సాగిపోయేది.

సరే, ఇంత చేసి ఏం గీశారు? 1950ల నాటి ఒక బొమ్మను మాటల్లో పెట్టడానికి ప్రయత్నిస్తాను. బూడిద కలిసిన మట్టిరంగు నేపథ్యం. కాన్వాసు మధ్యలో వస్తువులన్నీ ఒక గుంపుగా, పెళ్ళి ఫొటోకు నిలబడ్డ బంధువుల్లా భుజాలు ఆనించుకుని ఉంటాయి. పొడుగు సీసాలు వెనక, పొట్టి డబ్బాలు ముందు. చుట్టూ బోలెడంత ఖాళీ జాగా. మొదటి చూపుకు ఇంతే. కొంచెంసేపు నిలబడితే చిత్రాలు మొదలవుతాయి. ముందున్న డబ్బా పై అంచు, వెనకున్న సీసా మెడ మొదలయ్యే చోటు, రెండూ ఒకే గీత మీదికి వచ్చి ఉంటాయి. ఏది ముందో ఏది వెనకో ఒక క్షణం తడబడతాం. రెండు సీసాల మధ్య ఉన్న సందు కూడా మూడో సీసాలాగా రూపం కట్టుకుని నిలబడుతుంది. గీత ఎక్కడా స్కేలు పెట్టి కొట్టినట్టుండదు. అంచులన్నీ సన్నగా వణుకుతుంటాయి. తెలుపు అని మనం అనుకున్నది ఒక తెలుపు కాదు. ఒకచోట పాలమీగడ తెలుపు, ఒకచోట సున్నపు తెలుపు, నీడ పడ్డచోట లేత ఊదా.

ఇప్పుడు దాని పక్కనే అదే ఏడాది వేసిన ఇంకో బొమ్మ పెట్టండి. అవే వస్తువులు. ఒక డబ్బా మాత్రం వేలెడు పక్కకు జరిగింది. అంతే, మొత్తం మారిపోయింది! ఇందాక ఆనుకుని ఉన్నవి ఇప్పుడు విడిపోయాయి. మూసుకున్న సందు తెరుచుకుంది. గుంపు మొత్తానికి ఒక ఊపిరి వచ్చింది. మొరాండీ లోకాన్ని చిన్నది చేసుకోవడంలోని ఆంతర్యం ఇక్కడ తెలుస్తుంది. బొమ్మబొమ్మకూ కొత్త వస్తువు తెచ్చి ఉంటే మనం ఆ వస్తువునే చూసేవాళ్ళం. వస్తువులు మారవు కాబట్టి, మారినదాన్ని చూడక తప్పదు. వేలెడు జాగా, ఒక పూట వెలుతురు, ఒక నీడ పొడవు. మిగతా చోట్ల లెక్కలోకి రాని తేడా ఆయన దగ్గర పెద్ద సంఘటన అయిపోతుంది.

ఈ సంగతిని పట్టి ఇచ్చే ఉదంతం ఒకటుంది. లుయీజీ మన్యానీ అని సంపన్నుడు, సంగీత శాస్త్రజ్ఞుడు, మొరాండీ బొమ్మలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన ఒకసారి, నా కోసం సంగీత వాద్యాలతో ఒక బొమ్మ వెయ్యండి అని అడిగారు. ఒకరు చెప్తే వేసే అలవాటు మొరాండీకి లేదు. స్నేహం కొద్దీ ఒప్పుకున్నారు. మన్యానీ తన దగ్గరున్న విలువైన పాత వాద్యం తీసుకొచ్చి ఇచ్చారు. అది ఆయన చేతికి లొంగలేదు. మరీ అందంగా ఉంది, మరీ ఘనంగా ఉంది. చివరికి మొరాండీ సంతలో దొరికే చవక మాండలిన్, చిన్న గిటారు, పిల్లలు ఊదే బొమ్మ బాకా సంపాదించి వాటితో 1941లో బొమ్మ పూర్తి చేశారు. పార్మా దగ్గర మన్యానీ ఇంట్లో, ఇప్పుడు మ్యూజియమైన ఆ భవనంలో, ఆ బొమ్మ నేటికీ ఉంది. అందం వస్తువులో ముందే ఉంటే ఇక చిత్రకారుడికి పనేముంది? మొరాండీ ఆ మాట నోటితో అనలేదు. బొమ్మ బాకాతో అనిపించారు.

ఆయన చేతిపనిలో రెండో పార్శ్వం ఎచింగ్. రాగి రేకు మీద మైనం లాంటి పూత పూసి, దాని మీద సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీత పడ్డ చోట ఆమ్లం రేకును తినేస్తుంది. ఆ గాళ్ళలో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. ఈ విద్య ఆయన పాత పుస్తకాలు చదువుకుని, రెంబ్రాంట్ అచ్చులు చూసుకుని సొంతంగా నేర్చుకున్నారు. చేసినవి 130కి పైగా. అందులో రంగు లేదు, ఒత్తుగానో పల్చగానో అల్లిన గీతలే. గీతలు దగ్గరైతే నీడ, ఎడమైతే వెలుగు. గీయని కాగితమే ఎండ. ఇక్కడా ఆయన పట్టుకున్నది గీతల మధ్య జాగానే.

మొరాండీ గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. లోకం పట్టని సన్యాసి, చెల్లెళ్ళ మధ్య మౌనంగా బతికిన మహర్షి అని. వినడానికి బాగుంటుంది గానీ అది సగమే నిజం. ఆయన నడిచింది ఫాసిస్టు ఇటలీలో. 1920లలో ఆ పాలన కింద జరిగిన ప్రదర్శనల్లో పాల్గొన్నారు. ఆ పాలనకు దగ్గరగా ఉన్న పత్రికల మనుషులతో స్నేహాలుండేవి. 1928లో బొలోన్యా ఫాసిస్టు పత్రికలో అచ్చైన చిన్న ఆత్మకథలో ఆ పాలన మీద తనకున్న నమ్మకాన్ని చెప్పుకున్నారు కూడా. తరువాత గాలి మారింది. ఆయన స్నేహితుల్లో కొందరు ఫాసిస్టు వ్యతిరేకులు. వాళ్ళతో సంబంధాలున్నాయని 1943 మేలో పోలీసులు ఆయన్ని అరెస్టు చేశారు. పలుకుబడి ఉన్న మిత్రులు పూనుకుంటే కొద్ది రోజుల్లో బయటపడ్డారు. ఆయన శిష్యురాలు, సహాయకురాలు అయిన జానెట్ అబ్రమోవిచ్ 2004లో వెలువరించిన పుస్తకంలో ఈ సంగతులన్నీ దాచకుండా రాశారు. తన గురించి లోకం ఏమనుకోవాలో కూడా మొరాండీకి పట్టింపు ఉండేది. ఆప్తుడైన విమర్శకుడు ఫ్రాంచెస్కో ఆర్కాంజెలీ ఆయన మీద పెద్ద పుస్తకం రాస్తే, రాతప్రతి చదివి ససేమిరా ఒప్పుకోలేదు. ఏళ్ళ స్నేహం చెడింది. లోకం పట్టని మనిషి ఇంత పట్టుబట్టడు కదా! ఈ సంగతులు తెలిస్తే సీసాల విలువ తగ్గదు. ఆ గదిలో కూర్చున్నది మనలాంటి మనిషే అని మాత్రం తెలుస్తుంది.

అరెస్టు తరువాత ఆయన కుటుంబంతో గ్రిజ్జానా అనే కొండ ఊరికి వెళ్ళిపోయారు. అపెనైన్ కొండల్లోని ఆ ఊరికి 1913 నుంచి వేసవుల్లో వెళ్ళడం అలవాటు. ఆ యుద్ధకాలంలో అక్కడి ఇళ్ళూ, మట్టిబాటలూ, గడ్డివాములూ వరసగా గీశారు. ఒక్క మనిషి ఉండడు ఆ బొమ్మల్లో. 1944 వేసవిలో ఆయన బొలోన్యా తిరిగి వచ్చేశారు. కొద్ది వారాల తరువాత, గ్రిజ్జానా చుట్టుపక్కల కొండ పల్లెల్లోనే, నాజీ సేనలు 700 మందికి పైగా పౌరులను ఊచకోత కోశాయి. మార్జబొత్తో మారణకాండ అని చరిత్రలో చెప్పుకునేది అదే. మొరాండీ బొమ్మల్లో దాని ప్రస్తావన ఎక్కడా లేదు. ఆ నిశ్శబ్దాన్ని ఓర్పు అనేవాళ్ళున్నారు, తప్పించుకోవడం అనేవాళ్ళూ ఉన్నారు. నా మటుకు ఆ బొమ్మలను ఆ తారీఖులు మరిచిపోయి చూడడం సాధ్యం కాదు.

యుద్ధం ముగిశాక పేరు వెల్లువలా వచ్చింది. 1948లో వెనిస్ బియెన్నాలే అనే కళాప్రదర్శనలో ఇటలీ చిత్రకారుడికిచ్చే మొదటి బహుమతి. బ్రెజిల్‌లోని సావో పావులో బియెన్నాలేలో 1953లో ఎచింగ్‌కూ, 1957లో పెయింటింగ్‌కూ అగ్ర బహుమతులు. 1960లో వచ్చిన ఫెలీనీ సినిమా లా దోల్చె వీతాలో ఒక మేధావి ఇంటి గోడ మీద మొరాండీ బొమ్మ కనిపిస్తుంది. మంచి అభిరుచికి అది గుర్తయిపోయిందన్నమాట. ఇంత జరిగినా ఆయన ఇటలీ పొలిమేర దాటింది అరవై అయిదేళ్ళు నిండాకే. 1956లో, తన ప్రదర్శన కోసం, పక్కనున్న స్విట్జర్లాండుకు.

ఆయన రేడియో కోసం కూడా ఒకసారి మాట్లాడారు. 1957లో వాయిస్ ఆఫ్ అమెరికా ఆయన్ని ఇంటర్వ్యూ చేసింది. అప్పటికి ప్రపంచమంతా నైరూప్య చిత్రాల హోరు. ఆ సంభాషణలో మొరాండీ గెలీలియోను తలుచుకున్నారు. ప్రకృతి అనే గ్రంథం మన అక్షరాలతో రాసింది కాదనీ, త్రిభుజాలూ వృత్తాలూ గోళాలే దాని లిపి అనీ గెలీలియో చెప్పిన మాట అది. మన కళ్ళెదుట ఉన్న వాస్తవం కన్నా నైరూప్యమైనది మరొకటి లేదన్నది మొరాండీ నమ్మకం. బల్ల మీది సీసా ఆయనకు ఆ గ్రంథంలో ఒక అక్షరం.

1956లో ఉద్యోగం విరమించాక రోజంతా చేతికి వచ్చింది. చివరి ఏళ్ళలో నీటిరంగుల మీద మనసు పడింది. వాటిలో సీసా గీయరు. సీసా పక్కనున్న నీడను నాలుగు కుంచె వేటులతో పూస్తారు. మధ్యలో వదిలేసిన తెల్ల కాగితమే సీసా అయి నిలుస్తుంది. 1964 జూన్ 18న, డెబ్బై నాలుగో ఏట, వియా ఫొందాజ్జా ఇంట్లోనే కన్నుమూశారు. గ్రిజ్జానా ఊరు 1985లో గ్రిజ్జానా మొరాండీ అని పేరు మార్చుకుంది. చిన్న చెల్లెలు మరియా తెరేసా ఇచ్చిన బొమ్మలతో 1993లో బొలోన్యాలో మొరాండీ మ్యూజియం వెలసింది. వియా ఫొందాజ్జా ఇంటిని కూడా ఇప్పుడు జనం చూడవచ్చు.

శ్రోతల్లో అంత దూరం వెళ్ళగలిగేవాళ్ళు కొద్దిమందే ఉంటారు. మిగతా వాళ్ళకు పుస్తకాలున్నాయి, ఫోనులున్నాయి. చూసేటప్పుడు మాత్రం ఒక్క బొమ్మ చూసి ఊరుకోవద్దని నా సలహా. ఒక్కటే చూస్తే, ఇదేమిటి, నాలుగు సీసాలే కదా అనిపిస్తుంది. ఆ అనిపించడంలో తప్పేమీ లేదు, నిజంగానే నాలుగు సీసాలే. అవే వస్తువులున్న రెండు బొమ్మలను ఎంచుకోండి. పక్కపక్కన పెట్టుకుని, ఏది జరిగిందో, ఎంత జరిగిందో, దాంతో మిగతావి ఏమయ్యాయో వెతకండి. ఆ వెతుకులాటలో పడ్డాక, ఆయన యాభై ఏళ్ళు ఆ బల్ల దగ్గర ఎందుకు కూర్చున్నారని ఇక మీరెవరినీ అడగరు. ఇంకో యాభై ఏళ్ళు ఉంటే మరిన్ని గీసేవారే అనుకుంటారు.